అడుగుల పుస్తకం

తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు లారీ మీద
అడుగులు రాసే పని నాది.
ఇరవై అడుగులకో రాడ్డు దిగుతుంది,
నేనో గీత గీస్తాను.
నలభైకి సుద్ద, నూట ఇరవైకి నల్లరాయి,
మూడొందలకి దుమ్ము.
దుమ్ము రంగు కూడా రాస్తాను. ఎవరూ అడగరు.

వెలిగండ్ల చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా
ముందు మాలకొండయ్య రావాలి.
అరచేతిలో పిలకున్న టెంకాయ అడ్డంగా పెట్టుకుని
కంది మోళ్ళ మధ్య చెప్పుల్లేకుండా నడుస్తాడు.
ఒకచోట కాయ లేచి నిలబడుతుంది.
నేను చూశాను. నిజంగానే నిలబడుతుంది.
అక్కడ సున్నం పోస్తారు, పసుపు కుంకుమ పెడతారు,
తెచ్చిన అప్పంతా అక్కడే దిగుతుంది.

నీళ్ళు పడితే ఆ కబురు
పామూరు సంతదాకా నడిచిపోతుంది.
పడకపోతే
రైతు ఆ గుంట మీద బండ పెట్టి
ఇంటికి పోయి ముసుగు తన్ని పడుకుంటాడు.
పడుకున్నోడి మాట ఎవరు మోస్తారు?

ఆ ఎండాకాలం లారీ గేరు విరిగి
హనుమంతునిపాడు రోడ్డు పక్కన నాలుగు రోజులు ఆగిపోయాం.
ఊసుపోక పాత పేజీలు తిరగేశాను.
ఒక గడిలో కాయ లేచిన బోర్లు,
ఒక గడిలో ఎవరూ చూపించనివి:
కరెంటు స్తంభం దగ్గరని, గట్టు పక్కనని,
లారీ తిరగడానికి చోటుందని వేసినవి.
కాయవి అరవై ఒకటి. నీళ్ళు ఇరవై రెండింట్లో.
లారీ తిరిగినవి ముప్పై నాలుగు. నీళ్ళు పన్నెండింట్లో.
నూటికి ముప్పై ఆరు. నూటికి ముప్పై అయిదు.
మళ్ళీ కూడాను. డ్రైవర్ సెల్వంతో కూడించాను.
అంతే వచ్చింది.

కాగితం పట్టుకుని మాలకొండయ్య ఇంటికి పోయాను.
తిడతాడనుకున్నా.
చదువు రాదు, నన్నే చదవమన్నాడు, రెండుసార్లు.
"నేను అబద్ధమాడతన్నానా అబ్బయా?"
"లేదు. కాయ లేస్తంది. ఎందుకు లేస్తందో తెలీదు."
బీడీ అయిపోయేదాకా మాట్లాడలా.
తర్వాత తనే అన్నాడు, "కళ్ళకు గుడ్డ కట్టి చూడు."

అంకమ్మ చేలో, తెల్లారగట్ల.
కళ్ళు తెరిచి నడిస్తే
ఎండలోనూ పచ్చగా గరిక మిగిలిన చోట లేచింది కాయ.
తుండుగుడ్డ కట్టి, చెయ్యి పట్టుకుని
ఎడాపెడా తిప్పి వదిలాను.
మొదటిసారి రాళ్ళకుప్ప దగ్గర.
రెండోసారి గట్టు మీద.
మూడోసారి అసలు లేవలేదు.

గుడ్డ విప్పి గుర్తులన్నీ చూశాడు.
అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు,
అదెవరిదో అన్నట్టు.
రాయికేసి కాయ కొట్టి
"నీళ్ళు ఖాయంగా ఉండేది దీంట్లోనే" అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

అంకమ్మకు ఇవేం పట్టలా.
"మీ పరీక్షలు మీరు చేసుకోండి,
నాకు గరిక దగ్గరే రాడ్డు దించండి."
మూడొందల పదికి తడి దుమ్ము.
మూడొందల ముప్పైకి చిమ్మింది, తాటిచెట్టంత.
జనం నన్ను చూసి ఈలలేశారు.
తాగడానికి పనికొస్తాయా, ఫ్లోరైడ్ ఎంత?
కాయా చెప్పలేదు, నేనూ చెప్పలేను.
రాశాను. కాయ గడిలోనే రాశాను.
అరవై రెండు. ఇరవై మూడు.

తడిసిన తలతో వచ్చి మాలకొండయ్య
నా పక్కన కూచున్నాడు.
"మా మేనల్లుడు వెలుగొండయ్య బోరు రాశావా?"
"అది మా లారీ వేసింది కాదే."
"ఆరొందలు దించారు. దుమ్మే.
నేనే చూపించా. రాయి."
మా లెక్కలోది కాదు గనక వేరే పేజీ తీశాను.
"కట్టకిందపల్లిలో రెండు. రాయి.
పెదనాగయ్యది... దాన్ని నేను మర్చిపోయినట్టే ఉన్నా ఇన్నాళ్ళూ.
రాయి."

చీకటిపడింది.
సెల్వం లారీ దీపాలు వేశాడు.
ఆ వెలుతుర్లో ఇంకో పేజీ తిప్పాను.